నిజమైన సహకారి ఎవరు?

వాక్యభాగము: ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4:2–9



మనము చదువుకొన్న ఈ భాగములో చాలామందికి కంఠతా వచ్చిన మాటలున్నవి. చింత మానుమని, ప్రభువునందు సంతోషించుమని, మన అక్కరలన్నిటిని కృతజ్ఞతతో దేవునికి విన్నవించుమని పౌలు చెప్పిన మాటలవి. వాటిని క్యాలెండర్ల మీద అచ్చు వేయించుకొన్నాము. పటము కట్టించి ముందు గదిలో తగిలించుకొన్నాము. అయితే వాటికి ముందున్న రెండు వచనములను ఎవరును పటము కట్టించరు. ఎందుకనగా ఆ రెండు వచనములలో ఉన్నది ఇద్దరు స్త్రీల తగాదా.

యువొదియ, సుంటుకే. వీరిద్దరు సువార్త పనిలో పౌలుతో కలిసి కష్టపడినవారు. వారి మధ్య ఏమి జరిగినదో పౌలు వ్రాయలేదు. ఒక్కటి మాత్రము ఊహించండి. ఆ పత్రిక సంఘమంతటి ఎదుట చదివి వినిపించబడినది. చెరసాల నుండి అపొస్తలుడు పంపిన పత్రికలో తమ పేర్లు చదువుతుండగా ఆ ఇద్దరు అక్కడే, బహుశా చెరొక మూలను, కూర్చుండి యుందురు. మిగిలినవారందరు వారివైపు తిరిగి చూచియుందురు.

పౌలు అంతటితో ఆపలేదు. ఆ వెంటనే మూడవ మనిషిని పిలుచుచున్నాడు. ఆ స్త్రీలకు సహాయము చేయుమని ఒకనిని వేడుకొనుచున్నాడు. అతని పేరేమిటో మనకు తెలియదు. మన తెలుగు బైబిలులో అతనిని సహకారి అన్నారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఒకే కాడిని మోసే జతగాడు అని అర్థము. ఎద్దులను కట్టి దున్నినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఒక ఎద్దు ఆగిపోతే రెండవది గట్టు మీద నిలబడి చూడలేదు. దాని మెడమీద కూడ అదే కాడి యున్నది.

ఈ దినము మీతో చెప్పదలచినది ఈ మూడవ మనిషిని గూర్చియే. తగాదా పడినవారిని గూర్చి మనము చాలా ప్రసంగములు విన్నాము. చూస్తూ కూర్చున్నవారిని గూర్చి విన్నది తక్కువ.

వలస వచ్చినవారి సంఘము

ఫిలిప్పీ పట్టణము మనవంటి వారి పట్టణమే. క్రీస్తు పూర్వము 42లో ఆ ఊరి దగ్గర జరిగిన గొప్ప యుద్ధము తరువాత రోమా సైనికులను అక్కడ కాపురముంచిరి. ఊరు మాసిదోనియలో ఉన్నను వారి చూపు రోమా వైపే. ఆ సంఘములో మొదట హృదయము తెరచిన లూదియ కూడ ఆ ఊరిది కాదు. ఆమె తుయతైరనుండి వచ్చి ఊదారంగు సరుకు అమ్ముకొని బ్రతికినది. నది ఒడ్డున కూడుకొన్న కొద్దిమంది స్త్రీల ప్రార్థనతో ఆ సంఘము మొదలైనది. అందుకే మన అసలు పౌరసత్వము పరలోకములో ఉన్నదని పౌలు చెప్పినప్పుడు, ఆ మాట ఫిలిప్పీ వారికి బాగా తగిలియుండును.

ఈ పత్రిక చదువుచున్న మీలో కొందరి తాతలు బళ్ళారికి, రాయచూరుకు పొలము కొరకు వచ్చిరి. కొందరు భివండిలో, షోలాపూరులో మగ్గము కొరకు వచ్చిరి. కొందరు చెన్నైలో, బరంపురములో మూడు నాలుగు తరములుగా ఉన్నారు. యానాము వారు గోదావరి నీళ్లే త్రాగుచున్నను వారి కాగితములు పుదుచ్చేరికి పోవలసినదే. మనకందరికి ఒక సంగతి సమానము. మన తెలుగు సంఘము చిన్నది. సొంత జిల్లాలో ఐతే ఒక సంఘములో పొసగకపోతే పక్క ఊరి సంఘమునకు పోవచ్చును. ఇక్కడ పోవడానికి ఇంకొక తెలుగు ఆరాధన లేదు. ఒకరితో మాట మానుకొంటే ప్రతి ఆదివారము వారి వీపు చూస్తూ పాట పాడవలసినదే. తగాదా పెరిగితే పిల్లలు మొదట ఆ బెంచీలను, తరువాత ఆ భాషను విడిచిపెట్టుచున్నారు. చిన్న సంఘములో చిన్న తగాదా లేదు.

మా ఊరిలో జరిగిన సంగతి

నేను సేవ చేసినది కోలారు బంగారు గనులలో. కె.జి.ఎఫ్. అంటేనే మీకు తెలియును. 1880లలో మొదలైన పెద్ద త్రవ్వకము మూడు కిలోమీటర్ల లోతు దాటి పోయినది. లోపల బండ పగిలినప్పుడు మీద ఇండ్లు కూడ అదిరేవి. అట్లు నేల అదిరినప్పుడెల్ల ఆడవారు వీధిలోనికి వచ్చి నిలబడి, ఎవరి ఇంటివాడు ఏ షిఫ్టులో దిగినాడో లెక్క పెట్టుకొనేవారు. అటువంటి గని 2001 ఫిబ్రవరి 28న మూతపడినది. ఆ తరువాత తెల్లవారుజాము రైలులో బెంగుళూరుకు పోయి రాత్రికి తిరిగి వచ్చుట చాలామందికి బ్రతుకైపోయినది.

మా సంఘములో ఒక సహోదరి చీటీ నడిపేది. 20 పేర్లు, నెలకు 500 రూపాయలు. పాట లేదు, వంతు ప్రకారము నెలకు ఒకరు 10,000 ఎత్తుకొనేవారు. 1999 సెప్టెంబరులో మొదలైనది. ఇంకొక సహోదరి ఆ చీటీలో రెండు పేర్లు వేసి, కూతురి పెండ్లి కొరకు చివరి రెండు వంతులు తనకు ఉంచుకొన్నది. నెలకు వెయ్యి చొప్పున 18 నెలలు కట్టినది. అంటే 18,000 రూపాయలు. ఇంతలో గని మూతపడినది. ముందు ఎత్తుకొన్నవారెవరును మార్చి నెలలో కట్టలేదు, ఏప్రిలులో కట్టలేదు. మే నెలలో పెండ్లి. ఆ తల్లి వడ్డీకి తెచ్చి పెండ్లి చేసినది.

తరువాత వారిద్దరికి మాటలు లేవు. “నేను డబ్బు నీ చేతిలో పెట్టినాను గాని వాళ్ల చేతిలో పెట్టినానా?” అని ఈమె. “నాకు ఒక్కరూ కట్టనిది, నేను ఎక్కడి నుంచి తెచ్చి ఇయ్యాల?” అని ఆమె. ఇద్దరి మాటయు నిజమే. స్త్రీల సమాజము రెండుగా చీలినది. ప్రభువు బల్ల ఆదివారము ఒకరు వస్తే ఇంకొకరు రారు.

నేనేమి చేసితిని? సమాధానమును గూర్చి మూడు ఆదివారములు వరుసగా ప్రసంగము చేసితిని. పేర్లు చెప్పలేదు గాని ఎవరిని గూర్చి చెప్పుచున్నానో అందరికి తెలిసినదే. మూడవ ఆదివారము తరువాత ఇద్దరును రావడము మానిరి.

మా సంఘములో పెద్దవయస్సు డీకను ఒకాయన ఉండేవారు. గనిలో ముప్పై ఏండ్లకు పైగా పని చేసి రిటైరైనవారు. అక్టోబరులో ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చి, “అయ్యగారూ, లోపల బండ కూలితే మేము ముందు మనుషులను బయటికి తీస్తాము. ఎవరి తప్పో తరువాత విచారణ. మీరు పైనుంచి విచారణ చేస్తా ఉండారు. లోపల మనుషులు అట్లే ఉండారు” అన్నారు. నాకు కోపము వచ్చినది. అయినను ఆయన వెంట వెళ్లితిని.

ఆయన ముందు చీటీ నడిపిన ఆమె ఇంటికి పోయినారు. సమాధానపడమని చెప్పలేదు, వాక్యము ఎత్తలేదు. “అమ్మా, ఆ చీటీ పుస్తకము ఒకసారి చూపిస్తావా?” అని అడిగినారు. పుస్తకము తెచ్చి చాప మీద పెట్టినది. ఆయన కళ్లజోడు పెట్టుకొని ఒక్కొక్క పేరు చదివినారు. పెండ్లివారి రెండు పేర్లు పోగా 18 పేర్లు. ఒక్కొక్కరు రెండు నెలలు బాకీ, అంటే వెయ్యి రూపాయలు. 18 వేలు. లెక్క సరిగ్గా అక్కడికి వచ్చినది.

ఆ పేర్లలో పదకొండు మా సంఘములోనివి. పన్నెండవ వరుసలో ఉన్న పేరు దగ్గర ఆయన వ్రేలు ఆగినది. నావైపు చూడకుండ, “ఇది మీ ఇంటిదే కదా, అయ్యగారూ” అన్నారు.

అవును. మా ఇంటావిడ 2000 ఆగస్టులో తన వంతు 10,000 ఎత్తుకొన్నది. పిల్లల బడి ఫీజు కట్టినాము. గని మూతపడి కానుకలు తగ్గిన తరువాత, అందరివలె మేము కూడ ఆపితిమి. అందరికి కష్టమే కదా, చీటీ మునిగిపోయినది కదా అనుకొంటిమి. వెయ్యి రూపాయల బాకీ జేబులో పెట్టుకొని నేను పుల్పిట్ ఎక్కి ఆ ఇద్దరు స్త్రీలకు సమాధానము బోధించితిని.

ప్రియులారా, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇద్దరి తగాదా అని మేమందరము అనుకొన్నది 18 ఇండ్ల తగాదా. మేము బెంచీలలో కూర్చుండి, ఎవరిది తప్పు అని మాట్లాడుకొంటిమి. మా మెడమీద కూడ అదే కాడి యున్నదని చూడలేదు.

మరునాడు నేను మొదటి నూరు రూపాయలు ఇచ్చితిని. ఒక్కొక్క పేరుకు నెలకు 100 చొప్పున పది నెలలు అని డీకను గారు లెక్క వేసినారు. ఇల్లిల్లు తిరిగినారు. ఊరు విడిచి పోయినవారు నలుగురు. ఇద్దరు మనియార్డరు పంపిరి, ఇద్దరు చివరి వరకు పంపలేదు. 2002 ఆగస్టు నాటికి 16,000 జమ అయినది. మిగిలిన రెండువేలలో ఒక వెయ్యి చీటీ నడిపిన ఆమె తాను భరించినది. ఇంకొక వెయ్యి పెండ్లి చేసిన తల్లి వదలుకొన్నది.

“క్రైస్తవురాలు గదా, మొత్తము క్షమించి విడిచిపెట్టియుండవలసినది” అని కొందరు అన్నారు. నేను ఆ మాట అనను. ఆమె వడ్డీ కట్టుచున్నది. జక్కయ్య మారుమనస్సు పొందిన దినము పాటలు పాడి ఊరుకోలేదు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు ఇచ్చెదనని నిలువబడి చెప్పెను. సమాధానము అంటే బాకీ మరచిపోవుట కాదు. బాకీ ఉన్నవాడు తీర్చుట మొదలుపెడితే, రావలసినవాడు ఓర్చుకొనుట.

ఆ తరువాత వారిద్దరు ప్రాణస్నేహితులైరని చెప్పను. మొదటి నెల డబ్బు గుమ్మములో ఇచ్చి పోయినది. నాలుగవ నెలలో లోపలికి పిలిచి కాఫీ ఇచ్చినది. మనుమడు పుట్టి, బిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించిన ఆదివారము, చీటీ నడిపిన ఆమెను పిలిచి బిడ్డను చేతికిచ్చినది. నేను చూచినది అంతే. అది నాకు చాలును.

సంతోషము, చింత

ఇప్పుడు తిరిగి పౌలు పత్రికకు వత్తము. ఆ ఇద్దరు స్త్రీల సంగతి చెప్పిన వెంటనే సంతోషించుమని చెప్పుచున్నాడు, చెప్పినదే మరల చెప్పుచున్నాడు. సంకెళ్లలో ఉన్న మనిషి ఈ మాట చెప్పుచున్నాడని మరువవద్దు. ఫిలిప్పీ వారు అతని ఎరుగుదురు. వారి ఊరి చెరసాలలోనే దెబ్బలు తిని, అర్ధరాత్రి వేళ పాటలు పాడినవాడు.

సంతోషము వచ్చినప్పుడు కూడ సంఘమునకు పరీక్ష యున్నది. ఒక ఇంటి అబ్బాయికి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము వచ్చినది. ఆదివారము సాక్ష్యము చెప్పి, కృతజ్ఞతార్పణ ఇచ్చినారు. మంచిదే. వెనుక బెంచీలో అదే పరీక్ష తప్పిన బిడ్డ తల్లి కూర్చున్నది. రోమా పత్రిక 12వ అధ్యాయములో, సంతోషించువారితో సంతోషించుట, ఏడ్చువారితో ఏడ్చుట రెండును ఒకే వచనములో చెప్పబడినవి. సాక్ష్యము చెప్పిన ఇంటివారు ఆరాధన కాగానే ఆ తల్లి దగ్గరకు నడిచి పోయి, “వదినా, చిన్నోడు ఎట్లా ఉన్నాడు?” అని అడిగితే ఆ సంతోషము సంఘమంతటిది అగును. అడగకపోతే అది ఒక ఇంటి గొప్ప అగును.

చింతను గూర్చి చూతము. చింత మానుమని పౌలు అన్నది చేతులు కట్టుకొని కూర్చుండుమని కాదు. మన తెలుగు బాప్తిస్టుల పితరులు ఈ సంగతి ఎరుగుదురు. 1876–78 కరువు కాలములో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగము కాంట్రాక్టు తీసికొని ఆకలితో ఉన్న వేలమందికి కూలి చూపించిరి. వారు గడ్డపారతో త్రవ్విరి, రాత్రివేళ ప్రార్థించిరి. కూటికొరకు వచ్చుచున్నారను మాట రాకూడదని, కరువు సహాయము జరుగునంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపి యుంచిరి. అది ముగిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పని ప్రార్థనకు అడ్డు కాలేదు, ప్రార్థన పనికి బదులు కాలేదు.

మన చింతలు మనకున్నవి. బిడ్డ పెండ్లి, ఇంటి పట్టా, ఊపిరితిత్తుల జబ్బు, తెలుగు చదువ రాని మనుమలు. వీటిని కృతజ్ఞతతో కలిపి దేవునికి చెప్పుమన్నాడు. ఈ కృతజ్ఞత ఎందుకు? కృతజ్ఞత లేని ప్రార్థన ఫిర్యాదుగా మారిపోవును. ఫిర్యాదులో ఎదుటివాని పేరే గాని మన పేరు కనబడదు. దేవుడు నిన్నటి దినము ఇచ్చినది లెక్క పెట్టుకొన్నవాడు, తాను ఎవరికి ఏమి బాకీయో కూడ లెక్క పెట్టుకొనును.

అటువంటి వారి హృదయమునకు దేవుని సమాధానము కావలి కాయునని పౌలు వాగ్దానము చెప్పుచున్నాడు. అది సైనికుల మాట. మా గని గేటు దగ్గర రాత్రింబగళ్లు కావలి ఉండేది. లోపలికి పోవువానిని, బయటికి వచ్చువానిని చూచి గాని విడిచిపెట్టేవారు కారు. దేవుని సమాధానము మన మనస్సు గేటు దగ్గర అట్లు నిలువబడి, రాత్రి రెండు గంటలకు వచ్చు భయమును ఆపి, “నీవెవరవు?” అని అడుగును. అయితే ఇది ఈ క్రమములో చెప్పబడినదని మరువవద్దు. మొదట ఆ ఇద్దరు స్త్రీలు, ఆ మూడవ మనిషి. తరువాత సంతోషము, ప్రార్థన, కావలి. మొదటి రెండు వచనములు చింపివేసి మిగిలిన వాటికి పటము కట్టించుకొంటే ఆ కావలి మన ఇంటికి ఎట్లు వచ్చును?

ఈ వారము

మీ సంఘములో మాట్లాడుకొనని ఇద్దరు ఎవరో మీకు తెలియును. ఇది చదువుచుండగానే ముఖములు కండ్ల ఎదుటికి వచ్చియుండును. మూడు పనులు చేయుడి.

మొదటిది, ఒకరి మాట ఇంకొకరికి మోయవద్దు. “నిన్ను గూర్చి ఆమె ఇట్లా అన్నది” అను వాక్యము ఈ వారము మీ నోట రానీయవద్దు. నిప్పుకు కట్టె వేసి, ప్రార్థనలో నీళ్లు అడగవద్దు.

రెండవది, పుస్తకము తెరువుడి. ఆ తగాదాలో మీ పేరు ఏ వరుసలో ఉన్నదో చూచుకొనుడి. మీరు తీర్చవలసిన బాకీ కావచ్చును, చెప్పవలసిన నిజము కావచ్చును, ఆ దినము నవ్వి ఊరుకొన్న మాట కావచ్చును. ముందు మీ నూరు రూపాయలు పెట్టుడి.

మూడవది, నడిచి పోవుడి. ఫోనులో సందేశము పంపుట చాలదు. బలిపీఠము దగ్గర కానుక విడిచి సహోదరుని దగ్గరకు వెళ్లుమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో చెప్పినప్పుడు కాళ్లకు పని చెప్పెను. పోయి, తీర్పు చెప్పక, వారు చెప్పునది వినుడి. ఒక్కసారికి కాకపోతే పది నెలలు పోవుడి.

ఆ డీకను గారు ప్రభువునందు నిద్రించి చాలా ఏండ్లైనది. ఆయన ఒక్క ప్రసంగమును చేయలేదు. పౌలు వ్రాసిన సహకారికి పేరు లేనట్లే ఆయన పేరు ఏ రాతిమీదను చెక్కబడలేదు. సువార్త పనిలో కష్టపడినవారి పేర్లు జీవగ్రంథములో ఉన్నవని పౌలు అదే వచనములో చెప్పుచున్నాడు. అది చాలును.

ప్రార్థించుదము. తండ్రీ, నీ కుమారుడు తనకు సంబంధము లేని బాకీని తన మెడమీదికి తీసికొని సిలువకు నడిచెను. మాకు సంబంధము ఉన్నదానికి కూడ మేము దూరముగా కూర్చున్నాము, క్షమించుము. ఈ వారము మేము ఎవరి గుమ్మము తొక్కవలెనో చూపించుము. అక్కడ మా నోటికి కావలి యుంచుము. ప్రభువైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.